‘అ’ కనిపిస్తేనే గేటు తీసేవాడు

నిన్న పొద్దున ఆరున్నరకు మా ‘లేడీస్ బ్యాచ్’ వాట్సాప్ గ్రూపులో మూడు గులాబీల గుడ్ మార్నింగ్‌లు. వాటి కింద ఒక లైను.

‘స్విమ్మింగ్ పూల్ రెడ్డెప్ప పోయినాడంట.’

‘ఎవరు చెప్పారు?’ అని టైప్ చేశాను. రిటైరైన టీచర్ని కదా, చావుకి కూడా ఆధారం అడుగుతాను.

ఆధారం వచ్చింది. ఇంటి ముందు కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటూ అలాగే కూర్చుండిపోయాడట. గుండె.

అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మదనపల్లెలో మా కాలనీ రిక్రియేషన్ సెంటర్ వెనక ఒక స్విమ్మింగ్ పూల్ ఉండేది. ఇప్పుడూ ఉంది, నీళ్లు లేవంతే. దాని మోటారు, ఫిల్టరు, బ్లీచింగ్ పౌడరు, గేటు తాళం అన్నీ చూసుకున్నది రెడ్డెప్పే. సోమల దగ్గర పల్లెలో, బావిలో ఈత నేర్చిన మనిషి.

నా మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పిన ఏడాది, మనవరాలిని ఈతకు తీసుకెళ్లి గట్టున కూర్చునేదాన్ని.

“ఆ పిల్లకి వచ్చేసిందిలే టీచరమ్మా. నువ్వు దిగు” అన్నాడు ఒకరోజు.

అరవై రెండేళ్ల వయసులో, చుడీదార్ మీద నడుముకి ఖాళీ నూనె డబ్బా కట్టించి దింపాడు.

“యాల బయపడతాండావమ్మా? నీళ్లు నిన్ను మింగవు. నువ్వే నీళ్లను మింగతాండావు. వచ్చినోళ్లంతా ఇట్ల తాగితే నేను పూల్ నింపేది ఎట్ల?”

నెల తిరిగేసరికి డబ్బా విప్పేశాను. ఆ నీళ్లలో నా మోకాళ్లు వేరేవాళ్లవేమో అనిపించేది.

అతనికొక పద్ధతి ఉండేది. రోజూ తెరిచేముందు లోతు వైపు ఒక స్టీలు పళ్లెం వేసేవాడు. గట్టు మీద నిలబడితే అడుగున పళ్లెం స్పష్టంగా కనిపించాలి. లేకపోతే గేటు తీయడు.

పళ్లెం అయితే మెరుపుకే కనిపించేస్తుంది, ఇదేం పరీక్ష అని నేనే దాని మీద నల్ల పెయింటుతో పెద్ద ‘అ’ రాసిచ్చాను.

ఒక ఆదివారం వార్డు నాయకుడొకాయన కొడుకులతో జీపులో దిగాడు. ఆ రోజు నీళ్లు మబ్బుగా ఉన్నాయి.

“అ కనపడలా సార్. ఈ పొద్దు గేటు తీసేది లేదు.”

“అ ఏందిరా? నేనెవురో తెలుసునా?”

“నాకు సదువు రాదు సార్. వచ్చిన అచ్చరం అదొకటే. అదీ కనపడకపోతే నేనేం జేసేది?”

జీపు వెనక్కి తిరిగింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాను.

తర్వాత ఫిల్టరు మొరాయించింది. అందులో ఇసుక మార్చి ఏళ్లయింది. పిల్లలకి దురదలు మొదలయ్యాయి. పటిక వేసి, పొడవాటి కర్రకి బ్రష్షు కట్టి, అడుగంతా అతనే తోమేవాడు. అయినా వారానికి మూడు రోజులు ‘అ’ కనిపించేది కాదు.

పై ఆఫీసుకి రాస్తానన్నాను.

“వద్దు టీచరమ్మా. నువ్వు రాస్తే బాగుజెయ్యరు. బీగమేస్తారు.”

“సిస్టమ్ అలా పనిచేయదు రెడ్డెప్పా” అన్నాను.

రాశాను. రెండు పేజీలు, ఇంగ్లీషులో, పాయింట్ల వారీగా. పిల్లల ఆరోగ్యం గురించి ఒక పేరా అయితే చదివి నాకే కళ్లు చెమర్చాయి.

వారంలో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. నా ప్రతి పాయింటునూ ఒప్పుకున్నారు. వెళ్తూ గేటుకి బోర్డు పెట్టారు: ‘పిల్లల ఆరోగ్యం దృష్ట్యా, మరమ్మతులు పూర్తయ్యే వరకు మూసివేయడమైనది.’

నా పేరానే. తెలుగు చేశారంతే.

ముప్పై ఏళ్లు సివిక్స్ చెప్పాను. అసలు సివిక్స్ రెడ్డెప్పకే తెలుసని ఆ బోర్డు చదివాక అర్థమైంది.

అతన్ని పంప్ హౌస్‌కి మార్చారు. అయినా డ్యూటీ అయ్యాక వచ్చి ఎండిపోయిన పూల్ ఊడ్చిపోయేవాడు. పగుళ్లలో మొలిచిన మొక్కలు పీకేవాడు. నన్ను చూస్తే “వచ్చే ఎండాకాలానికి తెరస్తారంట” అనేవాడు.

అలా ఐదు ఎండాకాలాలు. ఒక్కసారైనా ‘నువ్వు రాయబట్టే’ అనలేదు. అని ఉంటే క్షమాపణ చెప్పి తేలికపడేదాన్ని. ఆ అవకాశం ఇవ్వలేదు.

రెండు నెలల కిందట మా ఇంటికొచ్చాడు. నా చేతికర్ర వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

“ఇంగో లెటరు రాయమ్మా. ఈసారి తప్పులు రాయొద్దు. తెరవమని మాత్రం రాయి.”

“రాస్తాలే రెడ్డెప్పా.”

రాయలేదు. నా అక్షరం మీద నాకే నమ్మకం పోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసి, అతను మళ్లీ అడిగినప్పుడు కళ్లజోడు మార్చాలని సాకు చెప్పాను.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. కూతురు కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులు మారుతూ వచ్చింది. సాయంత్రం మట్టి చేశారు.

బయల్దేరేముందు కాళ్లు కడుక్కుందామని గుమ్మం పక్కనున్న డ్రమ్ములో చెంబు ముంచబోయాను.

అడుగున పళ్లెం ఉంది.

“నాయిన తాగే నీళ్లకీ అదే పరీచ్చమ్మా. అ కనపడితేనే బిందె ముంచమనేవోడు” అంది కూతురు.

నేను వేసిన పెయింటు ఎప్పుడో పోయినట్టుంది. దాని మీదే తను మళ్లీ దిద్దుకున్నాడు. కాస్త వంకరగా.

చెంబు ముంచలేదు. నీళ్లు కదిలిపోతాయని.

ఈ ఉదయం ఆ లెటరు రాశాను. తప్పులు రాయలేదు. తెరవమని మాత్రం రాశాను. ఆలస్యమైంది రెడ్డెప్పా, నన్ను క్షమించు.

నీళ్లు తేటగా ఉన్నాయి రెడ్డెప్పా. ‘అ’ బాగా కనిపిస్తోంది.

గేటు తీసుకుని లోపలికి వెళ్లు. ఇక ఊడ్చే పని లేదు, హాయిగా ఈదుకో.