తిరిగి పోసిన సీసా

మామ పోయాడని అత్త శుక్రవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆదివారం వస్తానని నేను ఆయనకు చెప్పి ఉన్నాను. ఊరికే చూసి రావడానికి కాదు, రెండేళ్లుగా దాచిన ఒక మాట చెప్పడానికి. ఆ రెండు రోజులు ఆయన ఆగలేదనడం అన్యాయం. ఆగాల్సినంత ఆయన ఆగాడు. ఆలస్యం నాది.

మామ అంటే మా అమ్మకు అన్న. మేట్టుపాళయం దారిలో ఒక అద్దకం మిల్లులో కొలత పరికరాలన్నీ ఆయన చేతికింద ఉండేవి. రంగునీళ్లను శుద్ధి చేసి బయటికి వదిలే చోట, వాటిలో ఆమ్లమెంత, క్షారమెంత అని చెప్పే పీహెచ్ మీటర్లుంటాయి. వాటి కొన ఒక చిన్న గాజుబుడ్డి. వాడేకొద్దీ అది మెల్లగా దారి తప్పుతుంది. అందుకే వారం వారం, పీహెచ్ ఏడు అని ముందే తెలిసిన బఫర్ ద్రావణంలో ముంచి సరిచెయ్యాలి. అదే మిల్లులో పనికి చేరిన నాకు ఆ పని నేర్పింది మామే.

"తుడవద్దమ్మిణీ, ఒత్తు. కంట్లో నలక తీసినట్లు," అనేవాడు గాజుబుడ్డి మీది తడి చూపించి. అంకె ఇంకా ఊగుతుండగానే నేను బటన్ నొక్కబోతే నా చెయ్యి పట్టుకునేవాడు. "పొరుమైగా ఉండు, ఓపిక పట్టు. అది తానుగా నిలవాల." మిల్లులో అందరితో తమిళం, నాతో మాత్రం ఇంటి తెలుగు. గాజుకొన ఆరితే పాడైనట్టేనని, దాని టోపీలో ఎప్పుడూ ఉప్పు ద్రావణం నింపి ఉంచేవాడు. అన్నం తినడమైనా మరిచేవాడేమో గానీ అది మరిచేవాడు కాదు.

ఒకరోజు పక్క వక్కతోట పెద్దాయన పసుపు తిరిగిన ఆకు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన తోటకు పారేది మా మిల్లు శుద్ధి చేసిన నీళ్లే. మీటరేమో అంతా బాగుందంటోంది. మామ మీటరు కంటే ఆ ఆకునే నమ్మాడు. సీలు తియ్యని కొత్త బఫర్ తెచ్చి చూస్తే, క్షారం ఎక్కువైన నీళ్లను మా మీటరు మంచి నీళ్లుగా చూపిస్తోందని తేలింది. తప్పు మీటరుది కాదు, మేం వాడుతున్న పాత సీసాది. ఎవరో వాడిన బఫర్‌ను మళ్లీ అందులోనే పోస్తుండడంతో అది ఏడు దాటిపోయింది.

పోసింది నేను. మొదటి రోజే మామ వద్దన్నాడు. కానీ గ్లాసులో సగం మిగిలిన దాన్ని పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. మా అవ్వ, అంటే మామ తల్లి, వడలు వేయించాక మిగిలిన నూనె చుక్క పోకుండా డబ్బాలోకి వంచేది. ఆ వంటింట్లోనే పెరిగినదాన్ని. మామతో కలిపి మీటర్లు చూసే ముగ్గురం మేనేజర్ ముందు నిలబడ్డాం. ఎవరు పోశారని అడిగాడు.

"సీసా చూసుకోవడం నా పొరుప్పు సార్. తప్పు నాదే," అన్నాడు మామ.

రిటైరయ్యే వయసు దాటినా ఇంకో ఏడాది ఉండమన్న ఉద్యోగం ఆయనకు ఆ నెలతోనే ముగిసింది. వెళ్లే ముందు తోట పెద్దాయన దగ్గరికి నడిచిపోయి, జరిగింది తనే చెప్పి వచ్చాడు. నేను మాత్రం ఉండిపోయాను. సిగ్గులేకుండా ఆయన కుర్చీలోనే కూర్చున్నాను.

పదహారో రోజు కర్మ అయ్యాక ఏడుస్తూ అత్తకు చెప్పాను. అత్త ఆశ్చర్యపోలేదు.

"ఆ పొద్దే తెలుసు ఆయనకి," అంది. "'మా అమ్మ అలవాటు అది. మనింటి బిడ్డ తప్ప ఇంకెవురూ తిరిగి పొయ్యరు' అని నవ్వినాడు."

"మరి నన్నెందుకు అడగలేదత్తా?"

"నేనూ అదే అడిగినాను. 'ఉండనీ, అమ్మిణి తానుగా చెప్పాల' అన్నాడు. నువ్వు వచ్చినప్పుడంతా నీ మొహమే చూస్తా ఉండేవాడు, పావం."

ఆ మాట తగిలిన చోట ఇంకా నొప్పిగానే ఉంది.

అత్త లోపలికెళ్లి ఆయన చేతిమీటరు తెచ్చి నాకిచ్చింది. టోపీ తీస్తే లోపల తడి. ఆసుపత్రికి పోతూ ఆ పని అత్తకు అప్పగించాడట. ఆయన పోయాక కూడా ఆమె టోపీలో ఉప్పు ద్రావణం చుక్కలు పొయ్యడం ఆపలేదు.

మరునాడు మిల్లులో కొత్త సీసా తెరిచి, గ్లాసులో పోసి, ఆ మీటరు ముంచాను. అంకె ఊగింది. నేను తొందరపడలేదు. ఏడు దగ్గర నిలిచాక గ్లాసు అందుకున్నాను. మిగిలింది పారబోయాలి. నా చెయ్యి మళ్లీ సీసా వైపే వెళ్లి, మధ్యలో ఆగింది.