కిందింటికి దిగే తాడు

మన్యం కొండల్లో ఒక రాతిగోడ మీద నుంచి తాడుతో దిగుతుండగా, సగం దారిలో నా చేతులు ఆగిపోయాయి. నా అనారోగ్యం నాకు తెలిసివచ్చిన రోజు అదే. కార్తికమాసం, పొడి ఎండ. తాడు కొత్తది. నడుముకు కట్టుకున్న హార్నెస్‌ను నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను. కుడిచేతి పట్టు కొంచెం సడలిస్తేనే కిందికి జారగలం. ఆ చేయి సడలలేదు. కింద ఉన్న నేల వంకరగా పైకి లేస్తున్నట్టు అనిపించింది.

కింద తాడు కొస పట్టుకుని నిలబడినది మా అక్క సువర్ణ.

"ఏంటే, అక్కడే కాపురం పెట్టేస్తావా?" అని కేకేసింది.

"తాడు పట్టేసిందక్కా" అన్నాను. తాడు పట్టలేదు. ఎలా దిగానో నాకు గుర్తు లేదు. దిగిన తరువాత, ఉదయం టిఫిన్ చేయలేదు కనుక కళ్ళు తిరిగాయని అందరికీ చెప్పాను.

నేను రాజమహేంద్రవరంలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. అక్క ధవళేశ్వరంలో ఉంటుంది. కాలేజీలో ఎన్‌సీసీ శిబిరంలో మేమిద్దరం మొదటిసారి తాడు పట్టుకున్నాం. ఉద్యోగాలు వచ్చినా, సంసారాలు పెరిగినా, ఏటా చలికాలంలో ఒక చిన్న బృందంతో గుహలకు వెళ్ళడం మానలేదు. మాది చదునైన నేల. మేడ, వంతెన, నీళ్ళ ట్యాంకు మినహా ఇక్కడివారికి ఎత్తుతో పనిలేదు. అందువల్ల మా అలవాటును బంధువులు చాదస్తం కింద జమకట్టారు.

మేము తరచుగా వెళ్ళే గుహ ఒకటుంది. కొంత దూరం పాకిన తరువాత అందులో నేల ఒక్కసారిగా బావిలా తెగిపోతుంది. నాలుగంతస్తుల మేడంత లోతు. అడుగున విశాలమైన చోటు, రాళ్ళ మీద పారే సన్నని ఏరు, లైటు వేస్తే తడిగా మెరిసే తెల్లని రాతి తెరలు. దానికి అక్క ‘కిందిల్లు’ అని పేరు పెట్టింది. అక్కడ ఒక బల్లపరుపు రాయి మీద కూర్చుని, లైట్లు ఆర్పి, నీటి చప్పుడు వింటూ మౌనంగా ఉండేవాళ్ళం. మా అక్కకు మౌనం సాధ్యమైన చోటు నాకు తెలిసి అదొక్కటే.

రాతిగోడ సంగతి నేను దాచినా వ్యాధి దాగలేదు. కొద్దివారాల్లోనే మేడ మీద బట్టలు ఆరవేయడానికి వెళ్ళి, పిట్టగోడ దగ్గర కూలబడ్డాను. బీపీ, షుగర్, ఈసీజీ చూశారు. ఈఎన్‌టీ డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తల పక్కకు తిప్పి, కళ్ళను పరిశీలించి, "చెవిలో ఏం లేదండి" అన్నారు. ఎమ్మారై తీయించారు. ఫిజీషియన్ గారు ఫిల్ము చూసి, "అన్నీ నార్మలే అండి. వర్టిగోకి టాబ్లెట్ రాస్తాను. అయినా ఈ వయసులో కొండలూ గుహలూ ఎందుకండి?" అన్నారు. టాబ్లెట్ వల్ల మత్తు వచ్చింది. ఆయన చివరి మాట మాత్రం మత్తులో కూడా గుర్తుండేది.

ఆ చలికాలం నేను గుహకు వెళ్ళలేదు. అక్క వెళ్ళింది, కుంటుతూ తిరిగివచ్చింది. ఆర్థోపెడిక్ డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నారు. "ఆపరేషన్ తరువాత హాయిగా నడవొచ్చండి. తాళ్ళు మాత్రం వదిలేయండి" అన్నారు. అక్క ఆపరేషన్ వాయిదా వేసింది.

"నీతో ఇంకొక్కసారి కిందింటికి వెళ్ళాకే నా మోకాళ్ళు వాళ్ళకిస్తాను. నీ సంగతి తేల్చుకో" అంది నాతో.

అప్పుడు నేను సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళాను. ఆమె నా కంటే చాలా చిన్నది, నెమ్మదస్తురాలు. అంతా విని, "ఇది అక్రోఫోబియా అండి, ఎత్తంటే భయం. గోడ మీద మీకు వచ్చింది పానిక్ అటాక్. టాబ్లెట్ కంటే ఎక్స్‌పోజర్ థెరపీ బాగా పనిచేస్తుంది" అని చెప్పింది. తక్కువ ఎత్తుతో మొదలుపెట్టాలి. భయం పెరిగి, దానంతట అది తగ్గేవరకు అక్కడే నిలబడాలి.

"ఎంతసేపు?" అని అడిగాను.

"గడియారం చూడకండి మేడమ్. మీరు లెక్కల మేడమ్ అని నాకు తెలుసు" అంది.

మొదటి అభ్యాసానికి మెట్లున్న కొండ ఏదైనా చూసుకోమంది. మాకు వెంటనే తట్టింది అన్నవరమే. అక్క ఇంకొక అడుగు ముందుకు వేసింది.

"ఎలాగూ ఎక్కుతున్నావు, ఊరికే ఎక్కడమెందుకే? మెట్ల పూజ చేసెయ్. నేను బస్సులో పైకెళ్ళి వ్రతం టికెట్ తీసుకుంటా" అంది.

నాకు అది ఎంతో సక్రమంగా తోచింది. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పువ్వు ఉంచి, తరువాతి మెట్టుకు వెళ్ళాను. కొండపైకి చేరేసరికి నడుము పట్టేసింది. భయం మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. వ్రతం చేసుకుని, ప్రసాదం తిని, ఇద్దరం బస్సులో దిగాం. నాకు నయమైందని పూర్తిగా నమ్మాను.

తరువాతి చలికాలం ఇద్దరం బృందంతో కలిసి గుహకు వెళ్ళాం. బావి అంచున తాడుకు నన్ను నేను తగిలించుకున్నాను. చీకట్లో అడుగు కనిపించదు కనుక భయం ఉండదని లెక్క వేసుకున్నాను. అయితే నీటి చప్పుడు ఎంత లోతు నుంచి వస్తున్నదో చెవికి తెలిసింది. తాడు విప్పించుకుని, వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్క అదే తాడుకు తగిలించుకుని తాను దిగింది. ఆమె తల మీది లైటు చిన్నదై, అడుగున ఆగింది.

"నీళ్ళు బాగున్నాయే" అని వినిపించింది. కొంతసేపటికి లైటు ఆరిపోయింది. ఆ చీకట్లో ఆమె ఆ రాయి మీద ఒక్కతే కూర్చుని ఉంటుంది. నేను ఆమెకు నిట్టనిలువుగా పైన ఉన్నాను. మా మధ్య ఉన్న ఆ కొద్ది దూరం దాటాలని జీవితంలో మరి దేనినీ కోరనంతగా కోరుకున్నాను. లేవలేకపోయాను.

వారం తిరగకుండానే డాక్టరు దగ్గరకు వెళ్ళి, చికిత్స విఫలమైందని కొంత కటువుగానే చెప్పాను. అన్నవరం మెట్లు ఎలా ఎక్కారని అడిగింది. వివరించాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి, ఆపుకోలేకపోయింది.

"మేడమ్, పూజ బాగా చేశారు. కానీ మీరు చూసింది మెట్టునే. తలెత్తితే కదా ఎత్తు కనిపించేది. దిగడం బస్సులో దిగారు. మళ్ళీ వెళ్ళండి. ఈసారి చేతుల్లో ఏమీ వద్దు."

మళ్ళీ వెళ్ళాను. ఈసారి ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి, రెయిలింగు మీద నుంచి చేయి తీసి, కింద పంపా నది నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. ఒళ్ళంతా చెమట పట్టింది. కొబ్బరికాయల సంచితో ఎక్కుతున్న ఒక పెద్దమనిషి ఆగారు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా? మంచినీళ్ళు ఇమ్మంటారా?"

"బాగానే ఉందండి. భయపడుతున్నాను" అన్నాను. పరాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

"దేనికండి?"

"ఎత్తుకండి."

"ఎత్తుకా? నాకు మా ఆవిడంటే భయమండి. ఎత్తు ఫర్వాలేదు."

పై మెట్టు మీద నుంచి ఆవిడ, "ఇంటికి పదండి, మిగతాది అక్కడ చెబుదురు గాని" అంది. ఆయన గబగబా ఎక్కేశారు. నేను నవ్వాను. నవ్వు ఆగేసరికి కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నేలా కదలలేదు.

ఆ తరువాత నెలల తరబడి అదే పని చేశాను. మా మేడ పిట్టగోడ, గోదావరి వంతెన, చివరికి మన్యంలోని ఆ పాత రాతిగోడ. భయం ప్రతిసారీ వచ్చింది, ప్రతిసారీ తగ్గింది. నేను సిద్ధమయ్యాను.

అక్క మోకాళ్ళు చలికాలం వరకు ఆగలేదు. వానాకాలంలో ఒక ఉదయం కూరగాయల బజారులో ఒక మోకాలు పట్టేసి, అక్కడే కూర్చుండిపోయింది. ఆటోలో నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆపరేషన్ ఇక వాయిదా వేయడానికి వీలు లేదన్నారు.

"ఈ ఏడు నువ్వెళ్ళు" అంది, ఫిజియోథెరపీ చేస్తూ, పళ్ళు బిగించి.

"నువ్వు లేకుండా నేనెందుకక్కా?"

"అన్నవరం కొండని రెండుసార్లు ఎక్కింది ఇంట్లో కూర్చోడానికా? పోవే."

వెళ్ళాను. బావి అంచున భయం వచ్చింది. "భయం వచ్చింది, ఆగుతాను" అని తాడు పట్టుకున్నవారికి చెప్పాను. వారు ఆగారు. అది పెరిగింది, తగ్గింది. చేతి పట్టు సడలించాను, తాడు జారింది. కిందింట్లో ఏరు పారుతూనే ఉంది. ఆ రాయి మీద ఒక వైపుకు జరిగి కూర్చుని, లైటు ఆర్పాను. నీటి చప్పుడులో ఇంకొకరు ఊపిరి తీసే చప్పుడు కలిసి వినిపించడం నాకు అలవాటు. దాని కోసమే ఎంతోసేపు చెవి పెట్టి కూర్చున్నాను.

ఇప్పుడు అక్క చేతికర్ర పట్టుకుని బాగానే నడుస్తుంది. సాయంత్రాలు ధవళేశ్వరంలో గట్టు మీద నడుస్తాం. కిందింటి గురించి అడుగుతుంది. నేను వరుసగా చెబుతాను. "అది కాదే" అంటుంది. ఏది కాదో తానూ చెప్పలేదు, నాకూ తెలియదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటుంది.

ఈ వ్యాధి ఉన్నవారికి నా సలహా ఒక్కటే. మొదటిసారి చేతులు ఆగిపోయిన రోజునే, కింద తాడు పట్టుకున్న మనిషికి నిజం చెప్పండి. ఆ వారంలోనే సరైన డాక్టరును కలవండి. భయం ఎన్నేళ్ళయినా ఆగి ఉంటుంది. మీతో దిగవలసిన మనిషి మోకాళ్ళు అన్నేళ్ళు ఆగవు.