ఓడాల్సిన ఈక

మా బావ వీర్రాజు పెదపాడులో లైన్‌మన్‌గా ముప్ఫై నాలుగేళ్ళు స్తంభాలెక్కి రిటైరయ్యాడు. దిగినవాడు కుదురుగా కూర్చోవచ్చు కదా! ఫోన్‌లో ఎవరో ఈకల గాలంతో చేపలు పట్టడం చూశాడు. ఎరా లేదు, వానపామూ లేదు. కొక్కేనికి దారంతో కోడి ఈక కట్టి, పురుగులా నీళ్ళమీద ఆడించాలట. పట్టాలనుకున్నది కూడా ఏ జల్లనో కాదు, ఉప్పుటేట్లో పండుగప్పని. తగిలిందంటే మనిషినే ఈడ్చుకుపోయే చేప అది.

ఇంట్లో పందెం కోళ్ళున్నాయి, ఈకలకి మాకేం కరువు? కానీ ఏ రంగు ఈక కట్టాలో బావ కుక్కుటశాస్త్రం చూసి తేల్చేవాడు. ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పే పుస్తకం అది.

"బావా, అది కోళ్ళకండి" అన్నాను.

"ఈక కోడిది కాదేంట్రా?" అన్నాడు.

ఏం చెప్పి చావను? పదకొండు నెలల్లో ఒక్క చేప పడితే ఒట్టు.

చివరికి మా అక్క వెంకటనరసమ్మ తేల్చేసింది. "ఏవండీ, ఈ ఆదివారం నా గిన్నెలో పండుగప్ప పడకపోతే ఆ గాలం కర్ర బీరపాదుకి పాతేస్తానండి."

అక్క అన్నదంటే చేస్తుంది. ఆ కర్ర పోతే బావ మళ్ళీ అరుగుమీద ఆవులిస్తూ కూర్చోవాలి. నాకే జాలేసింది.

ఆదివారం ముగ్గురం ఉప్పుటేటి గట్టుకి వెళ్ళాం. అక్క గిన్నె, చింతపండు తెచ్చుకుంది. పుస్తకం ప్రకారం ఆ రోజు డేగ అనే ఎర్ర పుంజు గెలవాలి, కాకి అనే నల్ల పుంజు ఓడాలి. బావ ఎర్ర ఈకతో మూడు గంటలు విసిరాడు. ఒక్కటీ తగల్లేదు. ఒళ్ళు మండి, ఆయన టీ తాగుతుంటే ఎర్రది పీకి నల్లది కట్టేశాను.

బావ చూసుకోకుండా విసిరిన మొదటి విసురుకే పట్టింది. కర్ర విల్లులా వంగింది. బావ మోకాలిలోతు బురదలోకి జారాడు, చెప్పులు పోయాయి. చేప గాల్లోకెగిరి తల విదిలించి మళ్ళీ మునిగేది. ముప్పావుగంటకి దాన్ని ఇద్దరం ఒడ్డుకి లాగాం. ఆరు కేజీలుంటుంది. అక్క గిన్నె మూత తీసింది.

కొక్కెం ఊడదీస్తూ బావ నల్ల ఈక చూశాడు. మొహం మాడిపోయింది.

"ఇది కాకి పుంజు ఈక కదరా. ఇవాళ కాకి ఓడాలి. అంటే ఓడింది మనమే, గెలిచింది చేప. పందెంలో ఓడినదాన్ని కూరొండుకుంటారు గానీ, గెలిచినదాన్ని కూరొండుకోవడం ఎక్కడైనా ఉందా?"

నేను నోరు తెరిచేలోపే చేపని నీళ్ళలో వదిలేశాడు. అది తోక ఝాడించి పోయింది. కర్ర సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. తల దించుకుని దాన్ని అక్క చేతికి చాపాడు.

అక్క ఖాళీ గిన్నెకేసి చూసింది. నిలువునా బురదైన మొగుడికేసి చూసింది.

"ఓడిన పుంజుని గెలిచినవాళ్ళకే ఇచ్చెయ్యాలి కదండీ. కర్ర నాకెందుకు? మీరే నీళ్ళలోకి దిగండి, ఆ చేపింకా ఎంతో దూరం పోయుండదు."