కిటికీలో కుక్కిన చీర

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. అమ్మ లేదు కాబట్టి చెల్లెలు పైడికి నేనే పురుడు పోశాను. బాలింతకు గాలి తగలకూడదు, కుంపటి వెచ్చన ఉండాలి అని మావాళ్ల పట్టు. అందులో నేను చెప్పిందే వేదమనుకునే మనిషిని. ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీ సందుల్లో పాత చీర కుక్కాను.

"అప్పా, తలంతా దిమ్ముగా ఉన్నాది. కిటికీ తియ్యవే," అంది పైడి. అక్కనైన నన్ను అప్పా అనే పిలిచేది.

"గాలి సోకితే సన్నిపాతం వస్తాది. నోరు మూసుకుని తొంగోవే."

పిల్లను ఎత్తుకుని వసారాలోకి వచ్చేశాను. గంట తర్వాత చూస్తే పైడికి స్పృహ లేదు. బయటికి ఈడ్చాను. జనం చేరేలోపు కుంపటి మీద నీళ్లు గుమ్మరించి పెంటకుప్ప వెనక పారేశాను. ఆ క్షణంలో అంత తెలివి నాకెలా వచ్చింది?

గదిలో బొగ్గులేమైనా మండాయా అని ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. తల్లి లేని ఇంట్లో పురుడు ఇలాగే ఏడుస్తుందని పైడి అత్తవారు అంటారని భయపడ్డానో, తప్పు నాదని ఒప్పుకోవడం నా ఒంట్లోనే లేదో, ఇప్పటికీ తేల్చుకోలేను గానీ, లేదండీ, నీరసం అన్నాను. సెలైన్ పెట్టి, స్పృహ వచ్చాక పంపేశారు.

పన్నెండో రోజున పైడి పిక్క వాచింది. పచ్చి ఒళ్లు కదా అని కాపడం పెట్టాను. మర్నాడు ఊపిరి అందలేదు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని పెద్దాసుపత్రిలో అన్నారు. పైడి మళ్లీ ఇంటికి రాలేదు.

చాలా ఏళ్లకు, ఎవరి సంగతో అన్నట్టు ఇంకో డాక్టర్ని అడిగాను. బొగ్గుల గ్యాస్ పీల్చినవాళ్లకి కొన్నాళ్లు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందట. బాలింతకు అసలే ఎక్కువట. తెలిసుంటే కనిపెట్టి చూసేవాళ్లట. అయితే కుంపటి వల్లేనా? అంత కచ్చితంగా చెప్పలేమన్నాడు.

పైడి కావాలి నాకు. "ఏటప్పా నీ పెత్తనం" అని విసుక్కోవడానికైనా కావాలి. ముసురు పడితే ఆ గది గుమ్మంలో కూర్చుంటాను, కిటికీ తియ్యమని ఇంకోసారి అడుగుతుందేమోనని.

దాని కూతురు నన్నే అమ్మా అంటుంది. ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిదో నెల. పురుడు ఆ గదిలోనే. మొన్న కిటికీ రెక్కలు ఊడదీయించాను. ఎందుకమ్మా అంది. ఉక్కగా ఉంటుందన్నాను. మళ్లీ అబద్ధమే వచ్చింది నోట్లోంచి.

దానికి చెప్పలేకపోయాను. మీకు చెప్పాను. కుంపటి నేనే పెట్టాను. లేదని నేనే అన్నాను. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

కిటికీ తీశానే, పైడీ.