హలీమా ఖాలా అడిగే మూడు ప్రశ్నలు

హలీమా ఖాలా ఇక లేదన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ నూర్జహాన్. ఆ ఉదయం నేను వనపర్తిలో మా ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. నూర్జహాన్ గోరువెచ్చని ఆముదం నా నడుముకు రాస్తోంది. ఫోను మోగితే ఎడమచేత్తో ఎత్తింది. నా వీపు మీద తిరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. "భాభీ, గద్వాల నుంచి. హలీమా ఖాలా పోయిందంట," అంది. గది నిండా ఆముదం వాసన. చిన్నప్పుడు ఖాలా వాకిట్లో ఎప్పుడూ ఉండేది ఆ వాసనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపు కంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేనెవర్ని అడగాలి?

అడగాల్సిన మాట ఒకటి నాలుగు నెలలుగా నా దగ్గర ఉండిపోయింది. నడుము నొప్పితో నమాజులో సజ్దాకు వంగలేకపోతున్నాను. కుర్చీలో కూర్చుని చదువుకుంటున్నాను. అల్లాహ్ దాన్నీ స్వీకరిస్తాడని నాకు తెలుసు. అయినా నుదురు నేలకు ఆనని రోజు నాకు పూర్తయినట్టే ఉండదు. హైదరాబాదులో మందులు లేకుండా చేతులతో వెన్ను సరిచేసేవాళ్లు ఉన్నారని విని, మా ఆయన ఒక చీటీ తెచ్చారు. దాని మీద ఆస్టియోపతి అని ఉంది. మా అన్న ఇంకో చీటీ పంపాడు. దాని మీద కైరోప్రాక్టర్ అని ఉంది. రెంటికీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. "ఇద్దరూ చేతుల్తోనే చేస్తరంట, ఎవరైతే ఏంది?" అన్నారు మా ఆయన. "ఒకాయన టక్కుమనిపిస్తడు, ఒకాయన టక్కుమనియ్యడు. గంతే భాభీ," అంది నూర్జహాన్. మందుల షాపాయన్ని అడిగితే, "నాకూ తెల్వదమ్మా, గోలీ కావాల్నంటే ఇస్త," అన్నాడు. ఫోనులో వీడియోలు చూశాను. ఒకదాంట్లో మెడ తిప్పితే ఎముకలు విరిగినంత చప్పుడు, ఆ మనిషేమో నవ్వుతున్నాడు. ఇంకోదాంట్లో డాక్టరు నడుము కింద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాడు, నిద్రపోయాడేమో అనిపించింది. ఒక రోజు ఇది మేలనిపించేది, మర్నాడు అది. గద్వాల పోయి ఖాలాను అడుగుదాం అనుకుంటూనే, బస్సులో కూర్చోలేనని వాయిదా వేస్తూ వచ్చాను.

నడుము డాక్టరు కోసం నేనింత తికమక పడుతున్నానంటే గద్వాలలో నవ్వుకునేవాళ్లు ఉంటారు. చిన్నప్పుడు మా పేటలో పట్టేసిన నడుములకు వైద్యం నా కాలే. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అమ్మ ప్రాణం, నా ప్రాణం రెండూ నిలిపింది మా పక్కింటి మంత్రసాని, నేను పిన్నిలా ఖాలా అని పిలుచుకునే హలీమా. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కుడికాలితో మూడుసార్లు తాకితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు ఆరేళ్లు వచ్చేసరికి పొద్దున్నే మా గడప ముందు జనం. అమ్మ భయపడితే, "నా వాకిట్లకు పంపియ్, నేను చూసుకుంట," అంది ఖాలా. వచ్చినవాళ్లకు ముందు ఆముదం రాసేది, తర్వాత నన్ను పిలిచేది. "నీ కాల్ల ఏముందో నాకు తెల్వదు బేటీ. అడిగితే మాత్రం శానా తెలుస్తది," అనేది. అందుకే ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడిగేది. కింద పడ్డారా? కాలు మొద్దుబారిందా? మూత్రం వస్తున్నది తెలుస్తోందా? మా అబ్బా నన్ను బడికి పంపలేదు. ఆ వాకిట్లోనే ఖాలా నాకు ఉర్దూ నేర్పింది, ఖురాన్ చదవడం నేర్పింది, తెలుగు అక్షరాలు దిద్దించింది. పలక మీద నేను సొంతంగా రాసిన మొదటి తెలుగు వాక్యాలు ఆ మూడు ప్రశ్నలే.

ఒకసారి పెబ్బేరు సంత మర్నాడు ఎడ్లబేరగాడు ఒకతను వచ్చాడు. ఖాలా ప్రశ్నలు మొదలుపెట్టగానే చిరాకుపడ్డాడు. "ఏందమ్మా, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్? పిల్లతోని తన్నిపియ్యక!" "తన్నుడు ఎప్పుడైనా తన్నొచ్చు నాయనా. నీ ఎడమకాలి చెప్పు ఏది?" అతను కిందికి చూసుకున్నాడు. చెప్పు ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియనే తెలియదు. ఖాలా ముఖంలో నవ్వు పోయింది. చాయ్ తాగించి, "మా పిల్ల కాలు నీకు పనికిరాదు. ఇయ్యాల్నే కర్నూలు పెద్ద దవాఖానకు పో," అంది. అంతదూరం నుంచి ఉత్తగా వచ్చినట్టయిందని తిట్టుకుంటూ పోయాడు. నాకు కూడా చిన్నతనంగా అనిపించింది, నా కాలు చాలదన్నందుకు.

ఆ చిన్నతనమే నా చేత తప్పు చేయించింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఖాలా కాన్పుకు పోయిన రోజు, మగ్గం నేసే ఇంటి సావిత్రక్క గోడ పట్టుకుని వచ్చింది. మూడు ప్రశ్నలూ నాకు నోటికి వచ్చు. కానీ పెద్దామెను మూత్రం సంగతి అడగడానికి నోరు రాలేదు. అడిగితే పంపేయాల్సి వస్తుందేమో అని కూడా ఉంది. ఏదీ అడగకుండానే మూడుసార్లు తాకించాను. "హాయిగుంది తల్లీ," అని నా చేతిలో పల్లీపట్టి పెట్టి పోయింది. ఆ మాటనే నమ్మి పన్నెండు రోజులు ఇంట్లోనే పడుకుంది. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. లేచి తిరిగింది గానీ, ఎడమపాదం ఈడుస్తూ తిరిగింది. ఖాలా నన్ను కొట్టలేదు. ఆ మూడు ప్రశ్నలున్న పలక చేతికిచ్చి, "చదువు," అంది. చదివాను. "చదువొస్తది కదా, మరెందుకు అడగలే?" "సిగ్గయింది ఖాలా." "నీ సిగ్గు నీ కాడనే ఉంది బేటీ. ఆమె కాలు పోయింది." సావిత్రక్క భర్త కోపంతో వస్తే, ఖాలా గడపలో నిలబడి, "తాకమని చెప్పిపోయింది నేనే. పిల్లనేం అనకు," అంది. ఆమె అబద్ధమాడగా నేను విన్నది అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా, "పిల్ల పెద్దగైంది, ఇగ పనిచెయ్యదు," అని పంపేసింది.

కబురు విన్న రోజే, బస్సులో సగం దూరం నిలబడి గద్వాల చేరాను. ఆడవాళ్లంతా చాప మీద కూర్చుని ఖురాన్ చదువుతుంటే, తెల్లగుడ్డ కప్పిన ఖాలా ముందు నేనొక్కదాన్నే కుర్చీలో. సావిత్రక్క వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. కాలు ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన గోడకు ఆనుకుంది. "గిట్ల కుర్చీల కూసున్నవేంది బిడ్డా?" చెప్పాను. నొప్పి సంగతి, రెండు చీటీల సంగతి, ఎటూ తేల్చుకోలేకపోతున్న సంగతి. అంతా విని, నెమ్మదిగా అడిగింది. "కాలు మొద్దుబారిందా?"

ఎడమకాలి బొటనవేలు నెల రోజులుగా నాది కానట్టే ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. చెప్పాను. "అట్లయితే హైద్రాబాదుల ఎవరి కాడికీ పోకు. ముందుగాల దవాఖానకు పో. ఖాలా ఉంటే గదే అంటుండె," అంది. అప్పుడు ఏడ్చాను. "అక్కా, ఆ రోజు తాకమని ఖాలా చెప్పలేదు. అడగకుండ నేనే..." "నాకెర్కే. గప్పుడు నీ మొకం జూస్తే ఎవరికైనా తెలుస్తుండె," అని నా చెయ్యి పట్టుకుంది.

వనపర్తిలో ఎముకల డాక్టరు పరీక్షలు చేయించి, వెన్నులో నరం నలుగుతోందని, ఇప్పట్లో ఎవరి చేతా మెలి తిప్పించుకోవద్దని చెప్పారు. మందులు రాశారు, కొన్ని వ్యాయామాలు చూపించారు, వేలి తిమ్మిరి కాలిపైకి పాకితే ఆ క్షణమే రమ్మన్నారు. ఆ ఇద్దరిలో ఎవరు మేలని ఆయన్నీ అడిగాను. "అది తర్వాత చూద్దాం. ఎవరి దగ్గరికి పోయినా ఈ స్కానింగు ఫిల్ము చూపించండి. ఏమీ అడగకుండా చెయ్యేస్తే మాత్రం లేచి వచ్చేయండి," అన్నారు.

రెండు చీటీలూ ఇంకా నా డబ్బాలోనే ఉన్నాయి. వాటి తేడా నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పటికైనా వెళ్తానో లేదో కూడా తెలియదు. నమాజు ఇంకా కుర్చీలోనే. అయితే పొద్దున్నే లేచి ముందు బొటనవేలు గిల్లి చూసుకుంటాను, ఖాలా అడిగినట్టే నన్ను నేను అడుగుతాను. మొన్నటి నుంచి గిల్లితే కొంచెం తెలుస్తోంది, అల్హందులిల్లాహ్. ఇది చదివినవాళ్లను ఒకటే కోరుతున్నాను. మీరు దేవుణ్ని ఏ పేరుతో పిలుచుకున్నా సరే, మీ నుదురు నేలకు ఆనినప్పుడు, అక్కడిదాకా ఇంకా వంగలేని నా బదులు కూడా, మా హలీమా ఖాలాను ఒక్కసారి తలుచుకోండి.