ఉస్తాద్ చేతి తుప్పు

అరచేతిలో కర్పూరం వెలిగించి చెప్పమన్నా ఇదే చెప్తాను. కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా గురించి మీరు ఇంతకుముందు విన్నవేమైనా ఉంటే వాటిని కాసేపు పక్కన పెట్టండి.

తొంభైల మొదట్లో, చిట్యాలలో, ఎర్రటి ఎండాకాలం. నాకు ఇరవై రెండేళ్లు. మా కుర్రాళ్లందరం కలిసి వేయబోయే నాటకంలో నాది వందేళ్లు గ్రహాలన్నీ తిరిగి ఇంటికొచ్చిన మనిషి వేషం. వీడియో పార్లర్‌లో ఒక ఇంగ్లీషు సినిమాలో చూసిన హెల్మెట్ లాంటిదే చేసుకున్నాను. బోర్లించిన కుండ మీద గంజిలో నానబెట్టిన పాత పేపర్లు పొరలు పొరలుగా అతికించి, ఎండాక కుండ పగలగొట్టాను. కళ్లకు స్కూటర్ హెడ్‌లైటు అద్దం పెట్టాను. ముక్కుకు పురుగుల మందు కొట్టే పంపు గొట్టం తగిలించాను. ఊపిరి పీలిస్తే పత్తిచేనులో నిలబడ్డట్టు ఉండేది.

వెండి రంగు వేశాక మాత్రం అది పెళ్లిలో చదివించిన స్టీలు బిందెలా తళతళలాడింది. సినిమాలో దానికి గీతలు, పొగ మరకలు, తుప్పు ఉన్నాయి. వందేళ్లు తిరిగిన వస్తువంటే అలా ఉండాలి కదా.

హైవే పక్కన లారీలకు రంగులేసే చాచా దగ్గరికి పట్టుకెళ్లాను. పాతదాన్ని కొత్తది చేయడమే ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఆయన రంగేశాక తన లారీని తానే గుర్తుపట్టక పక్క లారీ ఎక్కి సూర్యాపేట దాకా పోయిన డ్రైవరును నేనెరుగుదును.

"చాచా, దీన్ని పాతగ చెయ్యాలె."

"కొత్తగనా?"

"కాదు, పాతగ. తుప్పువట్టినట్టు."

ఆయన బ్రష్షు టిన్నరు డబ్బాలో పెట్టి నా నుదురు ముట్టుకుని చూశాడు.

"జ్వరమైతే లేదు. తుప్పు పట్టియ్యనీకి ఉస్తాద్ ఎందుకు బేటా? వానల పెట్టు."

"నాటకం నాలుగొద్దులల్ల ఉన్నది. వాన ఇంకో నెలకు గదా."

"చూడు, నా షెడ్డు ముంగట తుప్పు సామాను కనవడితే ఒక్క లారీ గూడ ఆగదు. ముప్పై ఏండ్ల పేరు నాది."

"రాకుంటే రాదని చెప్పు చాచా. వేరే ఉస్తాద్‌ను చూస్కుంట."

"ఎవనికి రాదు?" అని హెల్మెట్ లాక్కున్నాడు.

ఆ తర్వాత నేను చూసింది రంగేయడం కాదు, పగ తీర్చుకోవడం. తన పనిని చెడగొట్టినవన్నీ ఆయనకు పేరుపేరునా గుర్తే. ఉప్పు మూటలు మోసిన లారీకి రంగు ఎలా పొక్కుతుందో తెలుసు కాబట్టి, ముందు అడుగు రంగుగా ఎర్ర రెడాక్సైడ్ పూశాడు. ఆరాక తడిపి, అక్కడక్కడ దొడ్డుప్పు చల్లి, పైన మళ్లీ వెండి రంగు కొట్టాడు. అదీ ఆరాక అరచేత్తో రుద్దితే ఉప్పు రాలింది, ఆ జాగాల్లో ఎరుపు తేలింది. అచ్చం తుప్పే. సైలెన్సర్ మసిని కిరసనాయిలులో కలిపి పాత బనీనుతో పూసి తుడిచాడు. ఎమరీ కాగితంతో అంచులు గీకుతూ, "గీడ నక్షత్రం రాసుకపోయింది. గీడ చంద్రుని మీద బ్రేకు ఫెయిలైంది," అని ఒక్కో గీతకూ కారణం చెప్పాడు. నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది.

మర్నాడు దాన్ని షెడ్డు ముందు ఎండకు పెట్టాం. అటుగా వచ్చిన గొర్రెల మందలో ముందున్న గొర్రె ఆ గాజు కళ్లను చూసి ఆగిపోయింది. వెనక మూడు వందలూ ఆగాయి. హైవే మీద బండ్లు రెండువైపులా నిలిచిపోయాయి, అటు కట్టంగూర్ దాకా. కొత్త లారీని రంగులకు తెస్తున్న షాద్‌నగర్ సేటు అందులో చిక్కుకుని, దిగి నడిచొచ్చి, హెల్మెట్ చూశాడు.

"ఏంది ఉస్తాద్ గిది? నీ రంగేనా?"

"నాదే."

"ఎప్పుడేసినవ్?"

చాచాకు అబద్ధం చేతకాదు. "నిన్న."

"నిన్న ఏస్తే ఇయ్యాల తుప్పువట్టిందా? నా బండి నీకిస్తే షాద్‌నగర్ చేరకముందే పాత సామానోళ్లు ఎత్తుకపోతరు."

వెనక నిలబడ్డ డ్రైవర్లు నవ్వారు. చాచా తల వంచుకుని చేతులకంటిన రంగు తుడుచుకోసాగాడు. ముప్పై ఏళ్ల పేరు నడిరోడ్డు మీద రాలిపోతోంది. అప్పుడు నేను ముందుకొచ్చాను.

"సేటూ, జర గోటితోని గీకి చూడు."

గీకాడు. గోటికి పొడి అంటలేదు. వేలితో కొడితే కాగితం చప్పుడు.

"గది తుప్పు గాదు, దిష్టిచుక్క. పసిపోరి బుగ్గకు కాటుక పెడ్తం, గది మురికా?"

సేటు వెనక్కి తిరిగి ఎండలో మెరుస్తున్న తన లారీని చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఉస్తాద్, నా బండికి గూడ డ్రైవర్ డోర్ కింద ఒకటి పెట్టు. జర పెద్దగనే. మా బామ్మర్దుల కండ్లు మంచియి గావు."

"కొత్త బండికి తుప్పువెట్టుడంటే నా చేతులాడయి సేట్," అంటూనే చాచా ఉప్పు డబ్బా మూత తీశాడు.

ఏడాది తిరిగేసరికి ఆ దారిన పోయే ప్రతి కొత్త లారీకీ అరచేయంత తుప్పు ఉండేది. ఆ వారం జరిగిన నాటకంలో నేను గొట్టంలోంచి ఊపిరాడక డైలాగులు మర్చిపోయాను. ముందు వరసలో కూర్చున్న చాచా మాత్రం పక్కవాళ్లందరికీ, "గా తుప్పు నాదే," అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. గొర్రెలు నిజం, బామ్మర్దులు నిజం. నేను ముందుకు రావడం ఒక్కటే కల్పించాను. గోటితో గీకమన్నదీ, కాటుక మాట అన్నదీ చాచాకు అన్నం తెచ్చిన చాచీ. గిన్నె కింద పెట్టి, సేటు మొహంలోకి సూటిగా చూస్తూ అంది. అప్పుడు నేను పక్కనున్న లారీ కింద పడుకుని ఉన్నాను. అక్కడికి అన్నీ స్పష్టంగా వినిపించాయి.