గద్వాలలో తెరిచిన డిస్క్

ఈ ప్రయాణానికి కారణం ఒక ఈమెయిల్. కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ అంటారు. దాని డిస్కంతా ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది. మెషీన్‌ను నడపకుండానే ఆ ఫైలు తెరిచి లోపలివి చూపే కోడ్, మా భాషలో లైబ్రరీ, ఒకటి రాసి, ఎవరైనా వాడుకోండని నెట్‌లో పెట్టాను. 2009లో కొత్త వెర్షన్‌కు ఏమేం చేర్చాలని అడిగితే, గద్వాల నుంచి నర్సింహులు గారనే కాలేజీ లెక్చరర్ రాశారు. లోపలి ఫైళ్లకు మనం చెప్పిన తేదీ పడే వీలు కావాలట. దొంగ తేదీలు వేసుకోవడానికి నా కోడే దొరికిందా అనుకున్నాను. మనిషిని చూడకుండా చేర్చేది లేదని, వస్తానని రాసి, ఆయన రమ్మన్న రోజునే బయలుదేరాను.

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కాను. ల్యాప్‌టాప్ సంచీ ఒళ్లోంచి దించలేదు. మహబూబ్‌నగర్ దాటాక ఎదుటి సీటాయన ఏం పని, ఎవరింటికి, సంచీలో ఏముంది అని ఆరా తీశాడు. పెళ్లిచూపులకని అబద్ధం చెప్పాను. గద్వాల వచ్చేదాకా ఆయన నాకు వేరే సంబంధాలు చెబుతూనే ఉన్నాడు.

దిగేసరికి పదకొండు. స్టేషన్ బయట బజ్జీ, చాయ్ కానిచ్చి షేర్ ఆటోలో కాలేజీకి చేరాను. ల్యాబ్‌లో నర్సింహులు గారితో పాటు శివలీల ఉంది. ధరూర్ నుంచి వచ్చి చదువుకునే ఫైనలియర్ అమ్మాయి. ఆమె ప్రాజెక్టు, తోటి విద్యార్థి ప్రాజెక్టు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఎవరు ముందు రాశారో ఫైలు తేదీయే చెప్పాలి. ఆ ఫైలున్న ఆమె వర్చువల్ మెషీన్ కరెంటు పోయిన దెబ్బకు లేవడం లేదు. సాయంత్రంలోగా తేలకపోతే ఆమెకు ఏడాది పోతుంది.

తేదీల సంగతి సూటిగానే అడిగాను. ఫైళ్లను కొత్త మెషీన్‌లోకి మారిస్తే అన్నిటికీ ఆ రోజు తేదీయే పడుతోందని, అసలు తేదీ నిలబెట్టడానికే అడిగానని ఆయన చెప్పారు. జవాబు చాలా బాగుంది. అందుకే నా అనుమానం ఇంకొంచెం పెరిగింది.

డిస్క్ తెరవబోతుంటే శివలీల ఆపింది.

"జర ఆగుండ్రి సార్. మీరు తెరిస్తే లోపల ఏమన్న మారుతదా?"

చూడటమేగా, ఏం మారుతుందన్నాను.

"ఇత్తనాల కోసం పెంచే మా పత్తి చేన్లకు ఎవరొచ్చినా చేతులు ఎనక్కి కట్టుకొనే తిరగాలె. చూడనీకె వచ్చినోళ్ల చేతికి ఏ చేను పుప్పొడి అంటిందో ఎవరికెరుక? అది తగిలితె ఇత్తనం ఖరాబైతది. మీరెవరో నాకు తెల్వదు సార్. కాపీ తీసి చూడుండ్రి."

ఒళ్లు మండింది. అయినా కాపీ తీసి, ఏమీ మారదని చూపించడానికి నా అలవాటు ప్రకారమే దాన్ని తెరిచాను. దెబ్బతిన్న డిస్క్ తెరవగానే తనంతట తాను సర్దుకుంది. ఆ సర్దుబాటులో ఆమె ఫైలే మాయమైంది. ఆమె లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

అసలు డిస్క్ నుంచి ఇంకో కాపీ తీసి, ఈసారి లోపల ఏదీ రాయడానికి వీల్లేకుండా తెరిచాను. ఫైలు ఉంది. తేదీ తోటివాడి దానికంటే వారం ముందుది. నర్సింహులు గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ పిలగాడు మా అక్క కొడుకు సార్. గందుకే బయటి మనిషిని పిలిపించిన. ఇప్పుడు ఇంటికి పోయి మా అక్కకు ఏం చెప్పాల్నో ఏమో."

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మూడింటి బస్సులో వనపర్తి వెళ్లాను. అక్కడ మారి, చీకటి పడే వేళకు నాగర్‌కర్నూల్‌లో దిగి, జొన్నరొట్టె తిని హైదరాబాద్ బస్సెక్కాను. దారిలో కొత్త వెర్షన్ ఆలోచన ఖాయం చేసుకున్నాను. ఏ డిస్కయినా ముందు చూడటానికే తెరుచుకోవాలి, రాయాలంటే విడిగా అడగాలి. ఆ తర్వాత నర్సింహులు గారు అడిగిన తేదీలు.

పక్కనున్న ముసలమ్మ నన్నే చూస్తోంది.

"సంచి కింద పెట్టు బిడ్డా. ఎవ్వరు ముట్టరు."

పెట్టాను. పొద్దుటి నుంచి అందరినీ అనుమానించి నన్ను మాత్రం వదిలేశానని తోచి, హైదరాబాద్ దాకా కునుకు పట్టలేదు.